తాడు మీద చెయ్యి

పోయిన వారం సూదమ్మని జెట్టీ మీద, బురదతో ఉబ్బిన వల సంచి పక్కన నిలబెట్టి వచ్చాం. ఆమె అక్కడినుంచి ఎప్పుడో కదిలింది. జనం మాటలు మాత్రం ఇంకా ఆ సంచి చుట్టూనే తిరుగుతున్నాయి.

సూదమ్మ వలలు కడుతుంది, చిరిగినవి బాగుచేస్తుంది. మనిషి సన్నం, మాట అంతకన్నా సన్నం, చేతిలో ఎప్పుడూ వల అల్లే సూది. అందుకని జెట్టీ పెట్టిన పేరు అది. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా ఆలోచించి చెప్పాల్సిందే. తండ్రి నలభై ఏళ్ళుగా రొయ్యల బోటు నడుపుతున్న సరంగు. భర్త వెల్డరు.

రొయ్యల వల నోరు నీళ్ళలో తెరుచుకుని ఉండాలంటే రెండు పక్కలా తలుపుల్లాంటి బరువైన బోర్డులు కావాలి. అడుగున లావుపాటి గొలుసు నేలను రాచుకుంటూ పోవాలి. గొలుసు తగిలితే రొయ్యలు లేస్తాయి, నిజమే. నేల కూడా లేస్తుంది. ఏళ్ళ తరబడి అలా దున్నీ దున్నీ అఖాతం అడుగున గడ్డీ లేదు, గుల్లలూ లేవు. చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేలను దున్నని వల చూపిస్తే సరే, లేకపోతే అఖాతంలో రొయ్య వలలన్నీ బంద్. అంటే నలభై బోట్లు ఒడ్డెక్కినట్టే.

ఏడాదిన్నర కూర్చుని సూదమ్మ ఒక వల కట్టింది. దానికి తేలికపాటి వంపు బోర్డులు, వాటి అడుగున సన్నని ఇనుప పట్టీ ఒక్కటే నేలను తాకుతుంది. పొడవాటి గొలుసుకి బదులు జానెడేసి గొలుసు ముక్కలు కుచ్చుల్లా వేలాడతాయి, కొసలు మాత్రమే ఇసుకను తడుముతూ పోతాయి. మొదటి పరీక్షలో ఆ వల సంచి నిండా బురద మోసుకొచ్చి, అడ్డంగా చిరిగి, ఆమె పరువు తీసింది. పరీక్షలు చూసే ఆఫీసరమ్మ జాలిపడి ఇంకొక్క అవకాశం ఇచ్చింది. తండ్రి నడిపే ఒకే బోటుకి ఎడమ పక్క పాత వల, కుడి పక్క కొత్త వల. గంటన్నర లాగాలి. అదే ఆఖరు.

ఇవాళే ఆ రోజు.

ఎండ ఇంకా పడవల అంచులు దాటలేదు. వెల్డరు కొత్త బోర్డులను తోపుడు బండి మీద తెచ్చి, గతుకు వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి వాటి మీద వేసి, మెల్లగా బోటు దగ్గరికి చేర్చాడు. తన చేత్తో వంచిన రేకు మరి.

"షెడ్డు వెనక పాత బోర్డుల జోడు కనబడలేదే," అంది సూదమ్మ.

పది రోజుల కిందట అతను ఆ పాత బోర్డుల అరిగిన అడుక్కి ఇనుప పట్టీలు అతకడం ఆమె చూసింది. సరిపడా వెడల్పుది దొరక్క రెండేసి పట్టీలు పక్కపక్కనే వేశాడు. మధ్యలో వేలు పట్టేంత సందు మిగిలింది. పారేసే సామానుకి ఈ సోకులెందుకని అప్పుడే అడిగింది. పాత ఇనుము కొనేవాడు అలా ఉంటేనే తీసుకుంటానన్నాడని చెప్పాడు.

"తూకానికి వెళ్ళిపోయాయిలే," అన్నాడు ఇప్పుడు, తలెత్తకుండా. సూదమ్మ బోటు వైపు తిరిగింది. ఆ పూట ఆమె బెంగ వేరే ఉంది.

సంఘం పెద్ద అప్పటికే బోటెక్కి, నీడ పట్టు చూసుకుని కూర్చున్నాడు. నలభై బోట్లవాళ్ళూ ఆయన మాట వింటారు. సూదమ్మకి సొంత మేనమామ కూడాను. ఆ చుట్టరికం వల్ల ఆయన వేళాకోళానికి పగ్గాలు లేవు.

"ఏం కోడలా, ఈ మాటు బురద వస్తే పారబొయ్యకు. మా పెరట్లో గుంట పూడ్చాలి."

"గుంట ఎంత లోతు మావయ్యా? ఎడమ వలలో వచ్చేది సరిపోతుందేమో చూద్దాం," అంది సూదమ్మ.

వలలు లాగే కళాసీలిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఇంజను చూసే బక్కోడికి మాత్రం నవ్వు ఆగలేదు. దగ్గు తెచ్చుకుని సర్దుకున్నాడు.

ఆమెకి ఆ ధైర్యం ఎక్కడిదని మీరు అడగవచ్చు. మూడు రోజులుగా ఆమె కడుపులో ఒక సంగతి దాచుకుని తిరుగుతోంది.

మొదటి పరీక్ష రోజు అందరూ బురద సంచిని చూస్తుంటే సూదమ్మ ఇనుమును చూసింది. నేల మీద సరిగా నడిచిన బోర్డుకి అడుగు పట్టీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకేలా మెరవాలి. కొత్త బోర్డులు మాత్రం వెనక మొహం మీద, మూరెడు ఎత్తుదాకా గీరుకుపోయి ఉన్నాయి. అంటే అవి నిలబడి నడవలేదు. పక్కకి ఒరిగిపోయి, నేలలోకి దూరి, బురదను వల నోట్లోకి తోశాయి. అవి అలా ఒరగాలంటే పైనుంచి తాడు మరీ ఎక్కువ వదిలి ఉండాలి.

ఆ సాయంత్రం తాడు చుట్టే వించ్ దగ్గరికి వెళ్ళి ఇనుప తాడు చూసింది. బారకో గుర్తు చొప్పున రంగు వేసి ఉంటుంది దానికి. నీళ్ళలోకి వెళ్ళి వచ్చిన మేర గ్రీజు కడుక్కుపోయి తెల్లగా కనబడుతుంది. నలభై బారలు వదలాలని అనుకున్నారు, నలభయ్యే వదిలామని అందరూ చెప్పారు. తాడు మాత్రం యాభై ఐదో గుర్తు దాకా తెల్లగా ఉంది.

వించ్ బ్రేకు మీద ఆ బోటులో ఒక్క మనిషే చెయ్యి వేస్తాడు.

ఇంటికి వెళ్ళి తండ్రిని అడిగింది. "నాన్నా, ఆ రోజు కుడి తాడు ఎంత వదిలావు?"

"నలభై."

"నలభయ్యేనా?"

"నలభై ఏళ్ళుగా నలభయ్యే," అని లేచి లోపలికి పోయాడు.

అబద్ధం ఆడే మనిషి కాదు. రెండు రోజులు ఆమెకి అది కొరుకుడు పడలేదు. మూడో రోజు పొద్దున గుమ్మంలో కూర్చుని ఆయన్నే చూస్తోంది. దూరంగా ఏదో బోటు ఇంజను మోగింది. మోకాలి మీద ఉన్న ఆయన కుడి చెయ్యి తనంతట తానే బోర్లపడి, దేని మీదో ఆనినట్టు ఆగింది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. చెయ్యి సంగతి ఆయనకి తెలియనే తెలియదు.

అప్పుడు అర్థమైంది. వల లాగేటప్పుడు సరంగు బిగుసుకున్న ఇనుప తాడు మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. అడుగున గొలుసు నేలను రాస్తుంటే తాడు సన్నగా వణుకుతుంది, పలుకుతుంది అంటారు. పలకడం ఆగితే వల నేల వదిలేసినట్టు లెక్క. బ్రేకు కాస్త సడలించి ఇంకొంచెం తాడు వదలాలి. నలభై ఏళ్ళలో ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు అలా చేసిందో. కొత్త వల నేలను రాయదు, కాబట్టి దాని తాడు పలకదు. పలకలేదని ఆ చెయ్యి పదిహేను బారలు వదిలేసింది. మనిషికి చెప్పకుండానే వదిలేసింది.

ఇప్పుడు చెప్పకపోతే ఇవాళ కూడా సంచిలో బురదే. చెబితే మేనమామ ముందు, ఆఫీసరమ్మ ముందు, ఈ తీరంలో పేరుమోసిన చెయ్యి తప్పు చేసిందని కూతురే చెప్పినట్టవుతుంది. ఈ రెండిటి మధ్యా నలిగిపోతూ సూదమ్మ బోటెక్కింది.

అఖాతం మధ్యకి చేరాక రెండు వలలూ దిగాయి. ఎడమ తాడు నలభై, కుడి తాడు నలభై. ఆఫీసరమ్మ గుర్తులు తనే వంగి చూసి, పుస్తకంలో టైము రాసుకుంది.

పది నిమిషాలు గడిచాయి. సరంగు చుక్కాని చక్రం బక్కోడికి అప్పగించి వెనక్కి వచ్చాడు. ఎడమ తాడు మీద అరచెయ్యి పెట్టాడు, తల ఊపాడు. కుడి తాడు మీద పెట్టాడు. తల ఊగలేదు. చూపు సముద్రం మీదే ఉంది, చెయ్యి మాత్రం తాడు మీంచి జారి బ్రేకు పిడి పట్టుకుంది.

సూదమ్మ తన చెయ్యి తీసుకెళ్ళి ఆ చెయ్యి మీద వేసింది.

"వదలకు నాన్నా."

"ఏంటి వదిలేది?" అని కిందకి చూశాడు. పిడి మీద తన చేతిని చూసి, అది అక్కడికి ఎలా వచ్చిందా అన్నట్టు కనుబొమలు ముడిచాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "నేల తగల్లేదమ్మాయ్. తాడు చచ్చుబడి ఉంది," అన్నాడు.

"తగులుతోంది. ఇది దున్నదు, ఊడుస్తుంది. ఊడిస్తే అంత మోత ఉండదు."

"నా చేతికి తెలీదా?"

సరిగ్గా అప్పుడే నీడలోంచి సంఘం పెద్ద గొంతు ఎత్తాడు. "ఏంటి బావా, కుడి తాడు పలకట్లేదా? ఇంకో పది బారలు వదిలి చూడు. వల రొయ్యల మీదుగా ఎగిరిపోతోందేమో."

ఆఫీసరమ్మ పుస్తకంలోంచి తలెత్తింది. కళాసీలు పని ఆపారు. పిడి కింద బ్రేకు ఒక్క వేలు వెడల్పు కదిలితే చాలు, ఏడాదిన్నర పని మళ్ళీ బురదలోకి పోతుంది.

సూదమ్మ ఆయనకి మాత్రమే వినబడేలా చెప్పింది. "పోయినసారి గ్రీజు యాభై ఐదు దాకా కడుక్కుపోయింది నాన్నా. నేను నా కళ్ళతో చూశాను. నువ్వు చెప్పింది నలభయ్యే. నీ చెయ్యి నీకు చెప్పలేదు."

సరంగు ముందుకి వంగాడు. తాడు వంక చూశాడు, గుర్తుల వంక చూశాడు. పెదాలు ఏదో లెక్క పెట్టుకున్నట్టు కదిలాయి. ఆ ఎండిపోయిన మొహంలో రంగు మారడం కూతురికి తప్ప ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు. పొయ్యి మీది గిన్నె తాకినట్టు పిడి మీంచి చెయ్యి తీసేశాడు.

"తాడు పలక్కపోతే పోనీ బావా," అన్నాడు పైకి. "నువ్వు పలుకుతున్నావుగా, అది చాలు."

బోటంతా నవ్వింది. సంఘం పెద్ద కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

సరంగు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక చేతిని రెండో చెయ్యి కాపలా కాస్తున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. సరంగు మావని అలా చేతులు కట్టుకుని చూడటం పెళ్ళి ఫోటోలో కూడా జరగలేదని ఒక కళాసీ రెండోవాడి చెవిలో అన్నాడు. ఆ మాట సరంగుకీ వినబడింది. ఆయన పట్టించుకోలేదు.

అలా అరగంట నిలబడ్డాడు. అంతకన్నా ఆయన వల్ల కాలేదు. చేతులకి పని లేకపోతే ప్రాణం పోయేట్టుంది. ఈలోగా బక్కోడు పిలిచాడు.

"మావా, ఇవాళ బోటుకి ఏదో అయింది. ఎడమకి లాగేస్తోంది. గాలీ లేదు, పోటూ లేదు."

సరంగు వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. బోటు ముక్కు తిన్నగా పెట్టి, వేళ్ళు కాస్త వదులు చేశాడు. బోటు ఎడమకి తిరిగింది. మళ్ళీ తిన్నగా పెట్టాడు, మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఎడమకే. మూడోసారి కళ్ళు మూసుకుని వదిలాడు.

కళ్ళు తెరిచాక ఆయన మొహం చూసి బక్కోడు భయపడ్డాడు. ఏడుపో నవ్వో వాడికి తెలియలేదు.

"అమ్మాయ్, ఇలా రా."

సూదమ్మ వెళ్ళింది. ఆయన ఆమె చేతులు పట్టుకుని చక్రం మీద పెట్టాడు. "వదులు చేసి చూడు. ఏమవుతోంది?"

"ఎడమకి పోతోంది."

"ఎందుకు పోతోంది? ఎడమ వల బోటుని పట్టుకుని వేలాడుతోంది. కుడిది పక్కనే నడిచి వస్తోంది. ఇన్నాళ్ళూ రెండు పక్కలా సమానంగా వేలాడేవి కాబట్టి బోటు తిన్నగా పోయేది. ఈ బరువు నాకు ఒక్క రోజు కూడా తెలియలేదు." ఆయన తన అరచేతిని తిప్పి ఒకసారి చూసుకున్నాడు. "బావా, నువ్వూ రా. వచ్చి చెయ్యి పెట్టు."

సంఘం పెద్ద రానన్నాడు, కాళ్ళు నొప్పులన్నాడు, చివరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా బోట్లకి యజమాని. చక్రం పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. డీజిలు అంతా ఎటు పోతోందో ఆ చక్రం ఆయనకి విడమరిచి చెప్పినట్టుంది. మాట్లాడకుండా వెళ్ళి తన నీడలో కూర్చున్నాడు. ఆయన మాట్లాడకుండా ఉండటం కూడా ఆ బోటు మీద కొత్తే.

కానీ వల పైకి రావాలి. చక్రం ఏం చెప్పినా సంచి చెప్పేదే ఆఖరి మాట.

గంటన్నర అయింది. వించ్ తిరిగింది. ముందు ఎడమ వల వచ్చింది. బోర్డులు బురద కారుస్తూ లేచాయి, చుట్టూ నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. సంచి ముడి విప్పితే నడుము ఎత్తు గుట్ట పడింది. బురద, విరిగిన గుల్లలు, వేళ్ళతో సహా లేచొచ్చిన గడ్డి, కాళ్ళు తెగిన పీతలు, వేలెడంత చేపపిల్లలు, వాటి మధ్య ఎక్కడెక్కడో రొయ్యలు.

తర్వాత కుడి వల. నీళ్ళు రంగు మారలేదు. సంచి ముడి విప్పారు. పడిన కుప్ప మోకాలి దాకా కూడా రాలేదు.

సూదమ్మ ఆ కుప్ప మీదికి వంగి చూసింది. తండ్రి వంక చూడలేకపోయింది.

"అంతేనా?" అన్నాడు సంఘం పెద్ద. ఈసారి అందులో వేళాకోళం లేదు. నిజంగానే ఆయనకి దిగులేసినట్టుంది. "దానిలో సగం కూడా లేదే."

"ఏరనివ్వండి," అంది ఆఫీసరమ్మ.

కళాసీలు రెండు గుట్టల ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. కుడి గుట్ట దగ్గర ఏరడానికి పెద్దగా ఏమీ లేదు. పది నిమిషాల్లో అయిపోయింది. దాదాపు అన్నీ రొయ్యలే. మెరుస్తూ, మీసాలు విరక్కుండా, ఇంకా ఎగురుతూ ఉన్నాయి. ఎడమ గుట్ట దగ్గర ముప్పావుగంట పట్టింది. బురదలో చేతులు పెట్టి వెతుక్కోవాలి, దొరికినవి కడుక్కోవాలి, వాటిలో నలిగినవి పక్కన పెట్టాలి.

ఎడమ పక్క మూడు బుట్టలు నిండి నాలుగోది సగంలో ఆగింది. కుడి పక్క నాలుగోది కూడా నిండింది.

ఆఫీసరమ్మ రెండు పక్కలవీ తూచి, కుడి పక్కవి ఆరు కేజీలు ఎక్కువని చెప్పింది. సంఘం పెద్ద అలవాటు కొద్దీ మళ్ళీ తూచమన్నాడు. మళ్ళీ తూస్తే ఇంకో యాభై గ్రాములు పెరిగింది. బక్కోడు కాళ్ళ కింద దొరికిన రెండు రొయ్యల్ని కూడా తెచ్చి పడేశాడు మరి.

ఎవరూ కేకలు వెయ్యలేదు. కళాసీలు లేచి, బురద చేతులతోనే, సూదమ్మకి దారి ఇచ్చారు. ఆమె వెళ్ళి కుడి బోర్డు అడుగు పట్టీని వేలితో తుడిచింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకేలా, కొత్త గిన్నె అంచులా మెరుస్తోంది. వెనక మొహం మీద ఒక్క గీత కూడా కొత్తది లేదు. ఆ మెరుపు చూశాకే ఆమె ఊపిరి పూర్తిగా వదిలింది.

సరంగు ఆఫీసరమ్మ ముందుకి వచ్చాడు.

"రాసుకోండమ్మా. పోయినసారి వచ్చిన బురద వలది కాదు. నాది. పదిహేను బారలు ఎక్కువ వదిలాను."

"పోనీలే బావా, ఇప్పుడెందుకది," అన్నాడు సంఘం పెద్ద.

"పోనివ్వను. జెట్టీ అంతా నా కూతుర్ని చూసి నవ్వింది. జెట్టీ మీదే చెబుతాను."

సూదమ్మ చేతిలో సూది లేదు. ఉంటే దాని మీదికి తల వంచుకునేది. ఇప్పుడు ఎటు చూడాలో తెలియక సముద్రం వంక చూసింది. సముద్రం కూడా ఆమెకి కాస్త మసకగా కనబడింది.

అఖాతం మూయనక్కర్లేదని, బోట్లన్నీ ఈ వలకి మారితే చాలని తను రాసి పంపుతానని ఆఫీసరమ్మ చెప్పింది. సంఘం పెద్ద లేచి పంచె దులుపుకున్నాడు.

"నలభై జతలు ఎన్నాళ్ళలో కడతావు కోడలా?"

"చూద్దాం మావయ్యా. ముందు నీ పెరట్లో గుంట సంగతి తేలాలిగా. అదిగో, ఎడమ పక్క గుట్ట సిద్ధంగా ఉంది."

ఈసారి బక్కోడు దగ్గు తెచ్చుకోలేదు. హాయిగా నవ్వాడు.

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండును. కానీ ఆఫీసరమ్మకి కొన్ని ఫోటోలు కావాలి. లైటు బిగించిన కెమెరాని ఇనుప చట్రంలో పెట్టి నీళ్ళలోకి దించింది. ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకుని అందరూ చిన్న తెర మీదికి వంగారు.

ఎడమ వల పోయిన చోట రెండు లోతైన చాళ్ళు, వాటి మధ్య చెక్కేసినట్టు బోడి నేల కనబడ్డాయి. కుడి వల పోయిన చోట దువ్వెన ఆనించి తీసినట్టు సన్నని గీతలు. గీతల పక్కనే ఒక గుల్ల నిటారుగా, కదలకుండా నిలబడి ఉంది. సరంగు ఆ గుల్లను చూపించి, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక వల తగలని నేల ఒక ముక్క కావాలి, పక్కన పెట్టి చూపించడానికి," అంది ఆఫీసరమ్మ.

అలాంటి నేల ఒక్కచోటే ఉంది. ఎర్ర డ్రమ్ములు తేలేసి హద్దు పెట్టిన మేర. రొయ్యలు గుడ్లు పెట్టే చోటని రెండేళ్ళుగా అక్కడ వల వెయ్యకూడదు. బోటు అటు తిప్పి, ఇంజను ఆపి, కెమెరా దించారు.

తెర మీద పచ్చగా గడ్డి ఊగింది. రెండేళ్ళు ఎవరూ ముట్టుకోకపోతే నేల ఎంత తొందరగా కోలుకుందో చూసి కళాసీలు నోళ్ళు తెరిచారు. గడ్డి మొదళ్ళలో గోరంత రొయ్యపిల్లలు చెదిరిపోతున్నాయి. అలల మీద బోటు మెల్లగా జరిగింది, తెర మీద గడ్డి జరిగింది.

ఉన్నట్టుండి గడ్డి ఆగిపోయింది.

అక్కడ చాలు ఉంది. లోతుగా, తిన్నగా, గడ్డిని రెండుగా చీల్చుకుంటూ పోయిన చాలు.

"పాతది అయుంటుంది," అన్నాడు సంఘం పెద్ద.

"పాతదైతే అంచులు కూలిపోయి ఉండేవి. ఇది పది రోజుల్లోపుది," అంది ఆఫీసరమ్మ. ఆమె గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. పుస్తకం మూసేసింది. "క్షమించాలి. కాపలా పెట్టుకున్న నేలలోనే ఎవరో వల లాగుతుంటే, ఈ అఖాతం మీ చేతుల్లో వదలమని నేను ఎలా రాయను? ఇది ఎవరి పనో తేలేదాకా కాగితం మీద సంతకం పెట్టలేను."

"ఎవడో నేను పట్టిస్తాను. వారం రోజులు ఇవ్వండి," అన్నాడు సంఘం పెద్ద వెంటనే.

సూదమ్మ ఆ మాటలు వినలేదు. ఆమె చాలును చూస్తోంది. దాని అడుగు చదునుగా లేదు. నట్టనడుమ వేలు లావున ఒక గట్టు, చాలు పొడవునా తెగకుండా పోయింది. రెండు పట్టీలు పక్కపక్కనే నేలను కోస్తే, వాటి మధ్య సందులో మట్టి అలా మిగులుతుంది.

వేలు పట్టేంత సందు. ఆ అతుకు వెయ్యడం ఆమె ఎదురుగానే జరిగింది.

గెలుపు కబురు ఫోన్లలో ముందే ఒడ్డు చేరింది. జెట్టీ నిండా జనం. నవ్వినవాళ్ళందరూ ముందు వరసలోనే ఉన్నారు. సరంగు అందరికన్నా ముందు దిగి, చేపల గంపలు పెట్టే అరుగు ఎక్కి, తప్పు తనదని, వలది కాదని, ఇంకెవరైనా తన కూతురి పని చూసి నవ్వదలిస్తే ముందు తన చేతిని చూసి నవ్వమని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. వలలు బాగుచేసే ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అది జెట్టీ ఆ చివరికి పాకింది.

ఆ చప్పట్ల మధ్య సూదమ్మ బోటు ముక్కున నిలబడి కట్టు తాడు విసిరింది. కిందనుంచి వెల్డరు అందుకున్నాడు. మసి మొహం నిండా నవ్వు.

"గెలిచామటగా," అన్నాడు.

"గెలిచాం." ఆమె జెట్టీ మీదికి దిగి, అతని పక్కన నిలబడి, చప్పట్లలో వేరేవాళ్ళకి వినబడకుండా అడిగింది. "ఆ పాత జోడు ఎవరి బోటెక్కింది?"

వెల్డరు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. చేతులు మాత్రం ముడి సగంలో ఆగిపోయాయి. అతను ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా బోటు వైపు చూశాడు.

సూదమ్మ వెనక్కి తిరిగింది. బోటులో ఇంకా దిగనిది ఒక్కరే. పంచె అంచు తడవకుండా పట్టుకుని, ఒక కాలు బోటు అంచు మీద పెట్టి, మేనమామ నవ్వుతూ చెయ్యి చాచాడు.

"ఆగిపోయావేం అల్లుడూ, ముడి వెయ్యి," అన్నాడు. "కోడలికి దిష్టి తగిలేలా ఉంది, తొందరగా ఇంటికి తీసుకెళ్ళు."